రోమన్ నాణేల ఫొటోలు: చేతిలో కనిపించేది తెర మీద ఎందుకు కనిపించడం లేదు?

కొత్తనాణెం

అందరికీ నమస్కారం. నా దగ్గర రెండు రోమన్ నాణేలున్నాయి. మొదటిది ట్రాజన్ చక్రవర్తి (పాలన క్రీ.శ. 98–117) కాలపు దెనారియస్ అనే వెండి నాణెం. ముదురు బూడిద రంగుకు తిరిగింది. రెండోది కాన్‌స్టాంటైన్ కాలపు చిన్న కంచు నాణెం. దాని బొరుసు మీద ఇద్దరు సైనికులు, వాళ్ల నడుమ రెండు సేనాధ్వజాలు.

చేత్తో పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే ట్రాజన్ తల మీది ఆకుల కిరీటంలో ఏ ఆకుకా ఆకు విడిగా కనిపిస్తుంది. ఫొటో తీస్తే అదే నాణెం సిమెంటు ముక్కలా ఉంటోంది. కంచు నాణెమైతే వట్టి నల్లటి మచ్చ. ఫొటోషాప్‌లో కాంట్రాస్టు పెంచితే ముక్కు, చెంప పూర్తిగా తెల్లబడిపోతున్నాయి. తగ్గిస్తే మళ్లీ మొదటికే వస్తోంది.

ఇంకో చిక్కు. కంచు నాణెం మీద సైనికుల కాళ్ల కింద టంకశాల గుర్తు ఉంది. ఎస్, ఎం, తర్వాత రెండు నిలువు గీతలు, చివర ఏ. ఆ రెండు గీతలు ఏ అక్షరమో తేలడం లేదు.

కెమెరా ఏపీఎస్-సీ సెన్సరున్న డీఎస్ఎల్ఆర్, 60 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, రెండు టేబుల్ ల్యాంపులు. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏం చేస్తే ఇవి బాగుపడతాయో చెప్పగలరా?

బొమ్మాబొరుసూ

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు దీపాలు ఎక్కడ పెట్టారో చెప్పండి.

కొత్తనాణెం

నాణేనికి ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. రెండూ ఇంచుమించు బల్ల ఎత్తులోనే ఉన్నాయి. గదిలో పైన ట్యూబులైటు కూడా వెలుగుతోంది. ఫ్లాష్ వాడలేదు.

మాక్రోకన్ను

సగం రోగం ఇక్కడే ఉంది.

ముందుగా ట్యూబులైటు ఆపేయండి. ట్యూబులైటుది ఒక రంగు వెలుతురు, ల్యాంపులది మరో రంగు. కెమెరా ఏదో ఒకదానికే వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోగలదు. మిగిలినది నాణెం మీద పచ్చగానో నీలంగానో ఒక పూతలా పడుతుంది. బూడిద రంగు వెండి మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తర్వాత ఎంత సరిదిద్దినా పూర్తిగా వదలదు. కిటికీకి కూడా తెర వేయండి. రెండు ల్యాంపుల్లోనూ ఒకే రకం ఎల్‌ఈడీ బల్బులుండాలి. పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 కన్నా ఎక్కువని ఉన్నవి తీసుకోండి. ఆ అంకె తక్కువైతే రాగి ఎరుపు, చిలుము పచ్చ రెండూ వెలవెలబోతాయి.

ఇక దీపాల చోటు. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి సమానంగా పడితే ఒక దీపం వేసిన నీడను రెండోది చెరిపేస్తుంది. నాణెం మీద బొమ్మ ఉబ్బెత్తుగా ఉందని కంటికి చెప్పేవి నీడలే. అవి లేకపోతే మిగిలేది చదునైన బూడిద రంగు బిళ్ల. పైగా రోమన్ నాణెం మీద బొమ్మ నేటి చిల్లర నాణేల మీద కంటే బాగా ఎత్తుగా ఉంటుంది. దీపం బల్ల ఎత్తులో ఉంటే చక్రవర్తి ముక్కు నీడ వెళ్లి అక్షరాల మీద పడుతుంది.

నాణేన్ని గడియారం ముఖం అనుకోండి. ఒక దీపం 10 దగ్గర, ఇంకొకటి 2 దగ్గర. రెంటినీ బాగా పైకెత్తండి, బల్ల నుంచి 60 డిగ్రీల పైమాటగా, లెన్సుకు తగలకుండా వీలైనంత దగ్గరగా. 10 దగ్గరి దీపం కాస్త దగ్గరగా, 2 దగ్గరిది కాస్త దూరంగా ఉంచితే ఒకటి పెత్తనం చేస్తుంది, రెండోది దాని నీడల్లోకి కొద్దిగా వెలుతురు నింపుతుంది. ఆ తర్వాత కెమెరా తెర చూస్తూ ఒక్క దీపాన్నే వేలెడంత చొప్పున జరుపుతూ వెళ్లండి. కణత దగ్గర జుట్టు పాయలు ఒక చోట ఉన్నట్టుండి విడివిడిగా లేస్తాయి. అక్కడ ఆపండి.

చిలుముపచ్చ

మాక్రోకన్ను గారు చెప్పింది వెండికి నూటికి నూరుపాళ్లు సరి. కంచుకు కొంచెం మార్చాలి.

ముదురు పాటినా, అంటే కాలంతో లోహం మీద కట్టిన పొర, ఉన్న నాణెం పడిన వెలుతురులో చాలా భాగం మింగేస్తుంది. దానికి దీపాన్ని వెండికి పెట్టినంత ఎత్తులో పెట్టనక్కర్లేదు, కాస్త కిందికి దించాలి. నల్లటి నున్నటి పాటినా అయితే దీపం బింబమే ఒక తెల్లటి చుక్కగా చెంప మీద కూర్చుంటుంది. దీపానికీ నాణేనికీ మధ్య ట్రేసింగ్ కాగితం అడ్డుపెడితే ఆ చుక్క పరుచుకుని మెత్తబడుతుంది. ఇదే కాగితాన్ని వెండి చుట్టూ గొట్టంలా చుట్టారో, వెండి మెరుపు చచ్చిపోతుంది. వెండికి కొద్దిగా కరుకు వెలుతురే మేలు.

ఎక్స్‌పోజరు కెమెరాకు వదిలేయకండి. కెమెరా మీటరు చూసిందంతా మధ్యరకం బూడిద రంగనే అనుకుంటుంది. తెల్ల కాగితం మీద నాణెం పెడితే కాగితాన్ని బూడిదగా మార్చబోయి నాణేన్ని నల్లగా చేస్తుంది. మీ కంచు నాణెం మచ్చలా పడిందంటే కింద తెల్ల కాగితమే ఉండి ఉంటుంది. నల్ల వెల్వెట్ మీద పెడితే దీనికి వ్యతిరేకం: వెండి పూర్తిగా తెల్లబడిపోతుంది. మాన్యువల్‌లో పెట్టి, హిస్టోగ్రాం (ఫొటోలో చీకటీ వెలుతురూ ఎంతెంత ఉన్నాయో చూపే పటం) కుడి అంచుకు కొట్టుకోకుండా చూసి, బొమ్మకూ బొరుసుకూ ఒకే అంకె వాడండి. అప్పుడే రెండు వైపులూ ఒకే నాణేనివిగా కనిపిస్తాయి.

నాణెం కింద ఏం పరచాలన్న దాని మీద నాకు ఒక పట్టుదల ఉంది. నలుపు వద్దు. ముదురు కంచు నాణెం అంచు నలుపులో కలిసిపోతుంది, ఆకారమే తెలియదు. వెల్వెట్ మీది దుమ్ము సరేసరి, అది మాక్రోలో తాళ్లంత లావున కనిపిస్తుంది. తెలుపు కింది నుంచి వెలుతురు చిమ్మి లెన్సులో పొగలా కమ్ముతుంది. తటస్థమైన బూడిద రంగు కార్డు మంచిది, వైట్ బ్యాలెన్సుకు కూడా అదే పనికొస్తుంది. నాణేన్ని కార్డు మీద నేరుగా పెట్టకుండా, నాణెం కన్నా సన్నని చిన్న గొట్టం ముక్క మీద నిలబెట్టండి. కార్డు ఫోకస్‌లోంచి తప్పుకుంటుంది, నాణెం నీడ ఫ్రేములోనే ఉండదు.

కొత్తనాణెం

అవును, తెల్ల కాగితమే! ట్యూబులైటు ఆపి, దీపాలు పైకెత్తగానే ట్రాజన్ మెడ మీది కండరం కూడా కనిపించింది. ధన్యవాదాలు.

రెండు సందేహాలు. వెండి మీది మెరుపు తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టరు కొనమని ఒకరు సలహా ఇచ్చారు. మరొకరు నాణెం మీద గాజు పలక ఏటవాలుగా పెట్టే పద్ధతి గురించి చెప్పారు. ఏది మేలు?

వెండిగీత

పోలరైజర్ కొనకండి. నీటి మీదా గాజు మీదా పడిన వెలుతురు తిరిగి వచ్చేటప్పుడు పోలరైజ్ అవుతుంది, ఫిల్టరు దాన్ని ఆపగలదు. లోహం మీద నుంచి తిరిగి వచ్చే వెలుతురు అలా కాదు, ఫిల్టరు ఎంత తిప్పినా పెద్దగా తేడా రాదు. దీపాలకు కూడా పోలరైజింగ్ రేకులు తగిలించి అడ్డదిడ్డంగా తిప్పితే మెరుపు పోతుంది గానీ, దాంతోపాటు వెండి వెండిలా కనిపించడమూ పోతుంది.

గాజు పలక పద్ధతి మంచిదే. లెన్సుకూ నాణేనికీ మధ్య పలుచని గాజును 45 డిగ్రీల వాలులో నిలుపుతారు. పక్క నుంచి వచ్చే వెలుతురులో కొంత ఆ గాజు మీద పడి నిటారుగా నాణెం మీదికి దిగుతుంది. కెమెరా అదే గాజులోంచి చూస్తుంది. అంటే వెలుతురు లెన్సు చూసే దారిలోనే పడుతుందన్నమాట. చదునుగా, అద్దంలా ఉండే కొత్త నాణేలకు ఇది అద్భుతం. నేల భాగం, అంటే బొమ్మ చుట్టూ ఉండే ఖాళీ చోటు, తెల్లగా వెలుగుతుంది, అక్షరాల వాలులు నల్లటి గీతలవుతాయి. రోమన్ నాణేల్లో నేల గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి అంత లాభం ఉండదు. బాగా అరిగిపోయిన, నున్నటి దెనారియస్ మీద మిగిలిన అక్షరాల జాడ పట్టడానికి మాత్రం నేను వాడతాను. గాజుకు అవతలి పక్కన నల్ల కాగితం పెట్టడం మరచిపోకండి, లేకపోతే గది గోడ ఫొటోలోకి వస్తుంది.

టంకశాల గుర్తు విషయంలో మీకు కావలసింది ఈ రెండూ కావు, దీపం దిశ. దీపం వచ్చే దిశకు అడ్డంగా ఉన్న గీతలు నీడ వేస్తాయి, ఆ దిశలోనే సాగే గీతలకు నీడ ఉండదు. మీ దీపాలు ఎడమా కుడీ ఉన్నాయి, అందుకే నిలువు గీతలు రెండూ తేలాయి. వాటి మధ్య అడ్డగీత ఉండి ఉంటే అది అదృశ్యమై ఉంటుంది. రెండు నిలువు గీతల నడుమ అడ్డగీత ఉంటే అది హెచ్, ఏటవాలు గీత ఉంటే ఎన్. హెచ్ అయితే హెరాక్లియా టంకశాల, ఎన్ అయితే నికోమీడియా. ఒకే దీపాన్ని 12 దగ్గర, బాగా కిందికి దించి ఇంకో ఫొటో తీయండి. అందం కోసం కాదు, చదవడానికి.

ఈ సూత్రాన్నే పెద్ద ఎత్తున వాడే పద్ధతి ఒకటుంది, ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అంటారు. దాని పునాది 2001లో హెచ్‌పీ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం వేసింది. కెమెరా కదలదు, నాణెం కదలదు. దీపాన్ని పదుల చోట్లకు మారుస్తూ ఫొటోలు తీస్తారు. నాణెం పక్కన నున్నటి నల్ల గోళీ ఒకటి పెడతారు. ప్రతి ఫొటోలోనూ ఆ గోళీ మీద మెరిసే చుక్క ఎక్కడుందో చూసి, దీపం ఏ దిశలో ఉందో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. ఆ తర్వాత తెర మీద మౌసుతో దీపాన్ని మీ ఇష్టం వచ్చిన వైపుకు తిప్పుకోవచ్చు. చెరిగిపోయిన అక్షరాలు చదవడానికి ఇంతకు మించినది నేను చూడలేదు. ఇంట్లో ఒక్క నాణెం కోసం ఇంత హంగామా అక్కర్లేదనుకోండి.

బొమ్మాబొరుసూ

దీపం దిశ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. దీపం ఎప్పుడూ ఫొటోలో పై వైపు నుంచే ఉండాలి. వెలుతురు పై నుంచి వస్తుందని మన కంటికి అలవాటు. కింది నుంచి వస్తే లోతు ఎత్తుగా, ఎత్తు లోతుగా కనిపిస్తుంది. చక్రవర్తి మొహం నాణెం లోపలికి సొట్టపోయినట్టు ఉంటుంది. చంద్రుడి ఫొటోను తలకిందులు చేస్తే గుంతలు గుట్టలైనట్టు కనిపించేదీ ఇందుకే.

చాలామంది నాణెం వంకరగా పెట్టి ఫొటో తీసి, తర్వాత కంప్యూటర్లో తిప్పుతారు. బొమ్మ నిటారుగా నిలుస్తుంది, కానీ దాంతో దీపమూ తిరుగుతుంది! బొమ్మకు వెలుతురు పై నుంచి, బొరుసుకు కింది నుంచి పడిన ఫొటో జంటలు అమ్మకాల పేజీల్లో కోకొల్లలు. రోమన్ నాణేల్లో బొరుసు అచ్చు బొమ్మకు తలకిందులుగా పడటం మామూలే. కాబట్టి నాణేన్ని ఊరికే తిరగేసి వదిలేయకుండా, బొరుసు నిటారుగా వచ్చేలా చేత్తోనే తిప్పి పెట్టండి.

ఇది ఒట్టి చాదస్తం కాదు. బ్రోకేజ్ అనే రకం నాణేలున్నాయి. టంకశాలలో దెబ్బ పడ్డాక నాణెం పై అచ్చుకు అతుక్కుపోతుంది, పనివాడు గమనించకుండా కింద ఇంకో బిళ్ల పెట్టి కొడతాడు. ఆ కొత్త బిళ్లకు ఒక వైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ తిరగబడి, లోపలికి అచ్చు పడుతుంది. అలాంటి నాణేన్ని కింది నుంచి దీపం పెట్టి ఫొటో తీస్తే లోతు కాస్తా ఎత్తుగా మారి, ఎడమకు చూస్తున్న మామూలు మొహంలా కనబడుతుంది. అక్షరాలు తిరగబడి ఉన్నాయని గమనించినవాడే దాన్ని పట్టుకోగలడు.

పాత కేటలాగుల వాళ్లకు ఈ బాధ లేదు. నాణేలకు ప్లాస్టర్ అచ్చులు తీసి, వాటికి ఫొటోలు తీసేవారు. రంగు లేదు, మెరుపు లేదు, చిలుము లేదు, ఉన్నదంతా ఎత్తుపల్లాలే. నాణెం అందం తెలియకపోయినా, ఏ అచ్చుతో కొట్టారో పోల్చుకోవడానికి ఆ నలుపు తెలుపు ఫొటోలు ఇప్పటికీ భేషుగ్గా పనికొస్తాయి.

మాక్రోకన్ను

కెమెరా సంగతులు త్వరగా ముగిస్తాను.

లెన్సు నాణేనికి సరిగ్గా నిటారుగా ఉందో లేదో చూడటానికి నాణెం చోట చిన్న అద్దం ముక్క పెట్టండి. కెమెరాలోంచి చూస్తే లెన్సు తన మొహం తానే చూసుకుంటుంది. ఆ బింబం సరిగ్గా ఫ్రేము నడిమధ్యకు వచ్చేదాకా కెమెరా వంచుతూ ఉండండి. బుడగ మట్టం కన్నా ఇది నమ్మకం, బల్ల వంకరగా ఉన్నా నష్టం లేదు. నాణెం వంకర టింకరగా ఉంటే మాత్రం దాని కింద మైనం ముద్ద పెట్టి సరిచేసుకోవాలి.

అపెర్చరు, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టండి. మీ దెనారియస్ అడ్డకొలత 18 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, మీ సెన్సరు ఎత్తు సుమారు 15. కాబట్టి నాణేన్ని ముప్పావు వంతు పరిమాణంలో పట్టాలి. ఆ లెక్కన ఎఫ్/8 దగ్గర సుమారు ఒక మిల్లీమీటరు లోతు స్పష్టంగా వస్తుంది. దెనారియస్ బొమ్మకు అది ఇంచుమించు సరిపోతుంది. ఇంకా లోతు కావాలని ఎఫ్/16కు వెళితే లాభం కన్నా నష్టమే ఎక్కువ. ఇంత దగ్గరగా తీసేటప్పుడు లెన్సు నిజంగా పనిచేసే అపెర్చరు రాసిన అంకె కన్నా చిన్నది. మీ ఎఫ్/8 నిజానికి ఎఫ్/14, మీ ఎఫ్/16 నిజానికి ఎఫ్/28. అంత సన్నని రంధ్రంలో వెలుతురు చెదిరి ఫొటో అంతా మెత్తబడుతుంది.

సెస్టెర్షియస్ లాంటి పెద్ద నాణెం, ఎత్తైన మొహం ఉన్నది తీసేటప్పుడు ముక్కు మీద ఒకటి, చెంప మీద ఒకటి, నేల మీద ఒకటి, ఇలా ఫోకస్ మారుస్తూ వరసగా తీసి, హెలికాన్ ఫోకస్‌లోనో జెరీన్ స్టాకర్‌లోనో కలపడం ఒక దారి. దెనారియస్‌కు అంత అవసరం రాదు.

రెండు సెకన్ల టైమరు పెట్టి చెయ్యి తీసేయండి. రా ఫైలు, అంటే కెమెరా తన మార్పులు చేయని ముడి ఫైలు, తీయండి. అంతే.

చిలుముపచ్చ

ఫోనుతో తీసేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట. ఫోనును నాణెం మీదికి దించేయకండి. నీడ పడుతుంది, మధ్య భాగం ఉబ్బినట్టు వస్తుంది. కాస్త దూరంగా పెట్టి, రెండు రెట్లు దగ్గరగా చూపే లెన్సు ఉంటే దానితో తీసి, అనవసరమైనది కత్తిరించండి. ఫోను తనంతట తాను చేసే పదును పెంచడాన్ని ఆపే వీలుంటే ఆపండి.

పిక్సెల్‌పిచ్చి

ఎట్టకేలకు నా వంతు! మీరంతా దీపాల దగ్గరే పని కానిచ్చేశారు గానీ, ఫొటోషాప్‌లోనూ జింప్‌లోనూ చేయాల్సిన పని ఉంది.

రా ఫైలు తెరిచి బూడిద కార్డు మీద క్లిక్ చేసి వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. లెవెల్స్‌లో నల్ల కొసను హిస్టోగ్రాం మొదలయ్యే చోటుకు, తెల్ల కొసను అది ముగిసే చోటుకు తెచ్చి ఆపండి, లోపలికి వెళ్లకండి. కర్వ్స్‌లో నడిమి భాగాన్ని పిసరంత ఎత్తితే ముదురు వెండి ఊపిరి పీల్చుకుంటుంది. శాచురేషన్ జోలికి వెళ్లొద్దు. కంచు మీద అది పచ్చదనాన్ని ఎగదోసి, మామూలు పాటినాను కంచు రోగంలా (కంచును తినేసే పచ్చటి పొడిలా) చూపిస్తుంది. లేదా అసలు రోగాన్నే అందమైన పాటినా అనిపిస్తుంది.

పదును పెంచడం ఆఖరి పని, అదీ ఫొటోను పెట్టబోయే పరిమాణానికి కుదించాక. అన్‌షార్ప్ మాస్క్‌లో రేడియస్ ఒక పిక్సెల్ లోపే ఉంచండి. అక్షరాల చుట్టూ సన్నని తెల్ల గీత కనిపించిందంటే దాటిపోయారన్నమాట.

వెనుక భాగం కత్తిరించేటప్పుడు గుండ్రటి ఎంపిక వాడకండి. రోమన్ బిళ్ల ఏదీ పూర్తి గుండ్రం కాదు. అంచు పగుళ్లు, దెబ్బకు సాగిన పెదవులు, అన్నీ ఆ నాణెం గుర్తులే. పెన్ టూల్‌తో అంచు వెంట ఓపికగా వెళ్లి, ఒక పిక్సెల్ ఫెదర్ ఇవ్వండి. అయ్యాక ఒక పరీక్ష ఉంది. బొరుసు ఆకారాన్ని అద్దంలోలా తిరగేసి, తగినంత తిప్పితే బొమ్మ ఆకారంతో కలవాలి. కలవకపోతే కత్తిరింపులో ఏదో కొరికేశారు, లేదా అవి రెండు వేర్వేరు నాణేలు.

నేనైతే చివర్లో క్లోన్ టూల్‌తో దుమ్ము చుక్కలు తీసేస్తాను, ఒకటీ అరా గీతలు కూడా. మొహం మీద ఒక్క గీత చూపంతా లాగేస్తుంటే తీసేస్తే తప్పేమిటి?

వెండిగీత

తప్పే. దుమ్ము నాణేనిది కాదు, గీత నాణేనిది.

నేను కేటలాగు పని చేస్తాను కాబట్టి కటువుగానే చెబుతాను. మొహం మీది గీత ఒక్కోసారి కొలిమి నాటిది, ఒక్కోసారి చక్రవర్తి మీద కోపంతో ఎవరో గీసింది, ఒక్కోసారి లోపల వెండేనా రాగా అని పరీక్షించడానికి పెట్టిన గాటు. వెండి పూత వేసిన రాగి దెనారియస్‌లు ఉండేవి కాబట్టే ఆ గాట్లు పెట్టేవారు. మీరు చెరిపేది ఒక గీతే కావచ్చు, చూసేవాడికి పోయేది ఒక సాక్ష్యం.

మీరు తెల్ల గీత గురించి చెప్పినది నిజం, ఇంకా ముందుకు వెళ్లి చెబుతాను. పదును మరీ పెంచితే మామూలు గరుకుదనం కూడా ఉలితో చెక్కినట్టు కనిపిస్తుంది. అరిగిన కంచు నాణేల మీద జుట్టునూ అక్షరాలనూ కొత్తగా చెక్కి అమ్మడం పాత మోసం. పదును ఎక్కువైన ఫొటోలో మంచి నాణెం ఆ మోసపు నాణెంలా కనబడుతుంది. ఇక మసకగా ఉన్న ఫొటోలో మోసపు నాణెం మంచిదైపోతుంది.

పిక్సెల్‌పిచ్చి

అమ్మే ఫొటోల విషయంలో ఒప్పుకుంటాను. గోడకు తగిలించుకునే పెద్ద ప్రింటుకు ఏమంటారు? అది సాక్ష్యం కాదు కదా, అలంకరణ.

వెండిగీత

గోడ మీదికైతే మీ ఇష్టం. ఆ ఫైలు పేరులో మాత్రం మార్చినదని రాసి ఉంచండి. గోడ మీది ఫొటోను ఎవరో ఫోనుతో తీసి, ఎక్కడో పెట్టి, ఇంకెవరో దాన్ని అచ్చు పోలికకు వాడటం నేను చూశాను.

బొమ్మాబొరుసూ

నేను వెండిగీత గారి పక్షం. పోత పోసిన నకిలీలను పట్టేది ఎలాగనుకున్నారు? రెండు వేర్వేరు నాణేల మీద ఒకే చోట ఒకే గుంట, ఒకే గీత కనిపిస్తే రెండూ ఒకే మూసలోంచి వచ్చాయన్నమాట. అసలు నాణేలు ఒకే అచ్చుతో కొట్టినా, ఆ తర్వాత తగిలే దెబ్బలు ఒకేలా ఉండవు. ఆ గీతను మీరు క్లోన్ టూల్‌తో తీసేస్తే నకిలీకి మీరే రక్షణ కల్పించినట్టు.

నిర్వాహకుడు

వాదన బాగుంది, అలాగే సాగనివ్వండి. ఈ వేదికలో గుర్తింపు కోసం పెట్టే ఫొటోల్లో నాణెం ఉపరితలాన్ని మార్చకూడదన్నది మన పాత నియమమేనని గుర్తు చేస్తున్నాను. రంగు, వెలుతురు, కత్తిరింపు పరవాలేదు.

కొత్తనాణెం

కొత్త ఫొటోలు పెట్టాను. బూడిద కార్డు, గొట్టం ముక్క, 10 దగ్గర ఒక దీపం, 2 దగ్గర ఒకటి. ఫొటోషాప్‌లో లెవెల్స్, కర్వ్స్ తప్ప ఏమీ చేయలేదు. ట్రాజన్ తల వెనుక కిరీటం రిబ్బను కొసలు రెండూ విడిగా వచ్చాయి.

టంకశాల గుర్తుకు 12 దగ్గర ఒక్క దీపం పెట్టి వేరే ఫొటో తీశాను. ఈ సారి నిలువు గీతలు బాగా పలచబడ్డాయి, వాటి మధ్య అడ్డంగా ఒక గీత లేచింది. ఏటవాలు కాదు, అడ్డమే.

వెండిగీత

అయితే ఎస్, ఎం, హెచ్, ఏ. హెరాక్లియా, అంటే థ్రేస్‌లోని మార్మరా సముద్రపు ఒడ్డు నగరం. చివరి ఏ అక్కడి మొదటి పనిశాల గుర్తు. సైనికుల మధ్య రెండు ధ్వజాలున్నాయి కాబట్టి 330–335 మధ్యది. తర్వాత వచ్చిన వాటిలో ఒక్క ధ్వజమే ఉంటుంది. బొమ్మ వైపు అక్షరాలు కూడా చదివి, రోమన్ నాణేల ఆన్‌లైన్ కేటలాగు ఓసీఆర్‌ఈ వెబ్‌సైటులో పోల్చి చూడండి. కాన్‌స్టాంటైన్‌దా, ఆయన కొడుకుల్లో ఒకరిదా అన్నది దానితో తేలుతుంది.

పోల్చేటప్పుడు మీ మామూలు ఫొటోనూ, ఈ 12 దీపం ఫొటోనూ రెండూ తెరిచి ఉంచుకోండి.

బొమ్మాబొరుసూ

భేష్! ఇక అంచు ఫొటో పెట్టండి. అందరూ బొమ్మా బొరుసూ తీసి చేతులు దులిపేసుకుంటారు, మూడో వైపును పట్టించుకునే నాథుడే లేడు. పోత నకిలీ అయితే అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ అంచులోనే దొరుకుతాయి. పూత దెనారియస్ అయితే ఎర్రటి రాగి తొంగిచూసేదీ అక్కడే. నాణేన్ని రెండు రబ్బరు ముక్కల మధ్య నిలబెట్టి, ఒకే దీపం పక్క నుంచి పెట్టి, చుట్టూ కొంచెం కొంచెం తిప్పుతూ తీయండి. ప్రతి దాంట్లోనూ మిల్లీమీటర్ల స్కేలు ఉండాలి, అదీ అంచు ఎత్తులోనే, లేకపోతే కొలత తప్పుతుంది. బరువు కూడా రాయండి. ట్రాజన్ దెనారియస్ 3 నుంచి 3.4 గ్రాముల మధ్య తూగితే సంతోషం.

కొత్తనాణెం

3.21 గ్రాములు. అంచు ఫొటోలు తీస్తాను.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. నా కంప్యూటర్లో వెచ్చగా, నిండుగా ఉన్న కంచు రంగు ఇక్కడ వేదికలో చూస్తే వెలిసిపోయి కనిపిస్తోంది. ఫైలు అదే కదా?

పిక్సెల్‌పిచ్చి

అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల ప్రొఫైలులో భద్రపరచి ఉంటారు. వెబ్‌సైటు ఆ ప్రొఫైలును తీసేస్తే బ్రౌజర్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది, రంగులు నీరసపడతాయి. ఎగుమతి చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి, ఊరికే పేరు తగిలించడం కాదు, మార్చడమే. రా ఫైలును ముట్టుకోకుండా పక్కన ఉంచండి.

కొత్తనాణెం

మార్చి మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు రెండు చోట్లా ఒకే రంగు. బొమ్మ వైపు అక్షరాలు సగం దాకా చదివాను, కాన్‌స్టాంటినస్ అని ఉంది. తర్వాతి భాగానికి దీపం 3 దగ్గర పెట్టి ఇంకో ఫొటో తీస్తున్నాను.